విప్పాలా, వద్దా: పాత స్కూటర్ ఇంజిన్ మొరాయిస్తే ఏ పని చేయించాలి

బెంగళూరులో పది పన్నెండేళ్ల నాటి యాక్టివానో, యాక్సెస్‌నో, జూపిటర్‌నో పాతిక వేల లోపు కొన్నవాళ్లలో చాలామంది ఏదో ఒక రోజు ఒకే మాట వింటారు: "హాఫ్ ఇంజిన్ చేయించాలి సార్." మడివాలలో విన్నా, కేఆర్ పురంలో విన్నా, మెకానిక్ కన్నడంలో చెప్పినా తెలుగులో చెప్పినా ఆ రెండు మాటలు మాత్రం మారవు. ఆ మాట నిజమే కావచ్చు. అయితే అది అనే ముందు ప్లగ్ విప్పి చూశాడా, కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుకునే ఒత్తిడి) కొలిచాడా అన్నది అడగాలి. కిక్కు మీద కాలు పెట్టి "లూజుగా ఉంది" అనడం పరీక్ష కిందికి రాదు.

మీ ముందు ఐదు దారులున్నాయి. మొదటిది పైపై పని: ప్లగ్, ఎయిర్ ఫిల్టర్, కార్బరేటర్ క్లీనింగ్, టాపెట్ సెట్టింగ్ (వాల్వుల దగ్గరి సందు సరిచేయడం). అన్నీ కలిపినా వెయ్యి, పదిహేను వందల్లో తేలిపోతుంది. రెండోది హెడ్ (సిలిండర్ పై మూత భాగం) పని: వాల్వులు, వాల్వ్ సీళ్లు, గ్యాస్కెట్. మూడు వేలు అటూఇటూ. మూడోది హాఫ్ ఇంజిన్: హెడ్‌తో పాటు బోరు (పిస్టన్ ఆడే సిలిండర్), పిస్టన్, రింగులు. నాలుగు నుంచి ఏడు వేలు. నాలుగోది ఫుల్ ఇంజిన్: క్రాంక్, కనెక్టింగ్ రాడ్, బేరింగులు కూడా. ఎనిమిది వేల దగ్గర మొదలై పన్నెండు దాటుతుంది. ఐదోది ఇంకో ఇంజిన్ ఎక్కించడమో, బండినే వదిలించుకోవడమో. ఇవి వీధి గ్యారేజీల ఉజ్జాయింపు లెక్కలు. షాపును బట్టి, వేసే స్పేర్లు ఒరిజినలా డూప్లికేటా అన్నదాన్ని బట్టి మారతాయి.

చిక్కల్లా ఎక్కడంటే, నూట యాభై రూపాయల జబ్బుకీ ఆరు వేల జబ్బుకీ లక్షణాలు పైకి ఒకేలా కనిపిస్తాయి. సిగ్నల్ దగ్గర ఆగిపోవడం, పికప్ లేకపోవడం, పొద్దున స్టార్ట్ కాకపోవడం దేనివల్లయినా కావచ్చు. విడదీసి చెప్పే పరీక్షలు మాత్రం పది నిమిషాల పని. కావలసిన సామానూ తక్కువే: ప్లగ్ పానా, 8, 10, 12 నంబర్ స్పానర్లు, స్క్రూడ్రైవర్, మందుల షాపులో దొరికే 10 మి.లీ. సిరంజి ఒకటి, లోపలిది కనిపించే గాజు సీసా, చవక మల్టీమీటర్. కంప్రెషన్ గేజ్ కూడా ఉంటే మేలు. జేసీ రోడ్డు స్పేర్ల షాపుల వైపు వెళ్తే దొరుకుతుంది, ఆన్‌లైన్లోనూ ఉంది.

అసలు జబ్బు ఇంజిన్‌దేనా

స్కూటర్‌కు గేర్లుండవు. ఇంజిన్ బలం ఒక రబ్బరు బెల్టు మీదుగా వెనక చక్రానికి వెళ్తుంది. ఆ బెల్టు అరిగినా, ముందు పుల్లీలోని రోలర్లు ఒకవైపు చదునెక్కినా, క్లచ్ షూలు అరిగినా బండి బరువుగా, ఈడ్చినట్టు నడుస్తుంది. దాన్ని ఇంజిన్ పోయిందనుకుని బోరు మార్పించినవాళ్లు ఎంతోమంది.

తేల్చడానికి చెవి చాలు. ఎత్తున్న రోడ్డు మీద యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పండి. ఇంజిన్ శబ్దం పెరుగుతూ పోయి వేగం మాత్రం పెరగకపోతే దోషం బెల్టు వైపుది. శబ్దమే పెరగకుండా గొంతు నొక్కినట్టు ఉంటే ఇంజిన్‌ది. బండి కదిలేటప్పుడు మొదట్లో వణికి, తర్వాత సర్దుకుంటే క్లచ్‌ది. ఎడమ పక్క కవర్ తీస్తే బెల్టు కనిపిస్తుంది. లోపలి పళ్ల మధ్య పగుళ్లున్నా, అంచులు పీచులు పీచులుగా లేచినా మార్చేయాలి. ఇరవై, పాతిక వేల కిలోమీటర్లు తిరిగిన బెల్టును ఇంకా వాడటం తెగువే. అది తెగిందంటే బండి నడిరోడ్డు మీద నిలబడిపోతుంది.

ఇంకొకటి అందరూ మరిచిపోయేది. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ ఆపి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. బిగుతుగా ఉంటే బ్రేక్ పట్టేస్తోందని అర్థం. పికప్ లేదు, మైలేజ్ లేదు అనే ఫిర్యాదుల్లో కొన్ని బ్రేక్ నట్టు నాలుగు చుట్లు వదులు చేస్తే తీరిపోతాయి.

పెట్రోల్ దారి

2020 ఏప్రిల్ 1న బీఎస్6 కాలుష్య నియమం వచ్చింది. అంతకు ముందు తయారైన చవక స్కూటర్లలో దాదాపు అన్నీ కార్బరేటర్ బండ్లే. కార్బరేటర్‌కు అతి పెద్ద శత్రువు కదలకుండా నిలబెట్టడం. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్లో మూడు నాలుగు నెలలు పడి ఉన్న బండిలో పెట్రోల్ ఆవిరైపోయి, అడుగున జిగురు మిగులుతుంది. దానికి తోడు ఇప్పుడొస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. 2023 ఫిబ్రవరిలో దీన్ని లాంఛనంగా మొదలుపెట్టిందీ బెంగళూరులోనే. ఇథనాల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్‌ను వెంటబెట్టుకుని ట్యాంకు అడుగుకు చేరుతుంది. పాత బండ్ల రబ్బరు గొట్టాలు, సీళ్లు కూడా ఈ పెట్రోల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు.

కార్బరేటర్ అడుగు గిన్నెకు కింద ఒక డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. గొట్టం కింద గాజు సీసా పెట్టి స్క్రూ వదులు చేయండి. పెట్రోల్ రావాలి. వచ్చినదాన్ని పది నిమిషాలు కదపకుండా ఉంచితే నీరుంటే అడుగున వేరే పొరగా కనిపిస్తుంది, తుప్పుంటే గోధుమ రంగు పొడి దిగుతుంది. గిన్నె ఖాళీ అయ్యాక ధార ఆగిపోయి, కిక్కు కొడుతున్నా మళ్లీ రాకపోతే ట్యాంకు నుంచి పెట్రోల్ వదిలే కుళాయిని, అంటే పెట్రోల్ కాక్‌ను అనుమానించండి.

చాలా కార్బరేటర్ స్కూటర్లలో ఈ కాక్ ఇంజిన్ పీల్పుతో తెరుచుకునే రకం. దానికి రెండు గొట్టాలు కనిపిస్తాయి: లావుది పెట్రోల్ పోయేది, సన్నది వాక్యూమ్ తెచ్చేది. లావు గొట్టం కొసను సీసాలో పెట్టి, సన్న గొట్టానికి సిరంజి తగిలించి వెనక్కి లాగండి. లాగినంతసేపూ పెట్రోల్ ధారగా పడాలి, వదిలితే ఆగాలి. లాగినప్పుడు సిరంజిలోకే పెట్రోల్ వచ్చిందనుకోండి, కాక్ లోపలి పల్చటి పొర చిరిగింది. అప్పుడు పెట్రోల్ అడ్డదారిలో నేరుగా ఇంజిన్‌లోకి పోతుంది. నల్ల పొగ, పడిపోయిన మైలేజ్, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) మీద పెట్రోల్ వాసన: మూడూ ఈ ఒక్క పొర వల్లే రావచ్చు. ఇది తెలియకుండా కార్బరేటర్ ఎన్నిసార్లు కడిగించినా వృథా.

కార్బరేటర్ కడగాల్సి వస్తే రెండు జాగ్రత్తలు. గాలి స్క్రూ విప్పే ముందు దాన్ని లోపలికి తిప్పుతూ, మెల్లగా ఆనేదాకా ఎన్ని చుట్లో లెక్కపెట్టి రాసుకోవాలి, మళ్లీ అంతే వదులు చేసి పెట్టాలి. ఇక పైలట్ జెట్‌లో రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. దాంట్లో సూది, ఇనుప తీగ పొడిస్తే రంధ్రం పెద్దదై ఐడ్లింగ్ ఎప్పటికీ కుదరదు. క్లీనర్ స్ప్రే, గాలి, అంతే. చోక్ వేస్తేనే నడిచి, తీయగానే ఆగే బండికి మందు ఈ పైలట్ జెట్‌లోనే ఉంటుంది. లేదంటే కార్బరేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్యనున్న రబ్బరు మానిఫోల్డ్ పగిలి పక్కగాలి పీలుస్తూ ఉంటుంది. వేళ్లతో వంచి చూస్తే పగులు కనిపిస్తుంది.

కొత్త కార్బరేటర్ కొనడమా, ఉన్నది కడిగించడమా అంటే, ఒరిజినల్‌ది కడిగించడానికే ఓటు. తక్కువ ధరకు వచ్చే డూప్లికేట్ కార్బరేటర్లలో జెట్ల కొలతలు సరిగ్గా ఉండవు, ట్యూనింగ్ కోసం నెలకోసారి గ్యారేజీకి తిరగాలి. లోపలి పిస్టన్ గీతలు పడి అరిగిపోయినా, బాడీ తుప్పు తినేసినా తప్ప మార్చొద్దు.

ఫ్యూయెల్ ఇంజెక్షన్ బండయితే దారి వేరు. తాళం తిప్పగానే రెండు సెకన్లపాటు పంపు గుయ్‌మనాలి. మీటర్లో ఇంజిన్ లైట్ వెలిగి ఆరిపోవాలి. ఆరకుండా ఆగి ఆగి మిణుకుతుంటే ఆ మిణుకుల లెక్కే జబ్బు పేరు. పొడుగువీ పొట్టివీ వీడియో తీసి కంపెనీ సర్వీస్ సెంటర్లో చూపించండి. వీధి మెకానిక్ చేత సెన్సార్లు ఒక్కొక్కటిగా మార్పించి చూడటం జేబుకు చిల్లు. అంతకంటే ముందు బ్యాటరీ చూడండి: సెల్ఫ్ నొక్కినప్పుడు వోల్టేజ్ 10 కిందికి జారుతుంటే మిగతా పరీక్షలేవీ నమ్మొద్దు.

స్పార్క్

ప్లగ్ విప్పే ముందు చుట్టూ ఉన్న దుమ్ము ఊదేయండి, లేకపోతే అది నేరుగా సిలిండర్లో పడుతుంది. ప్లగ్ చెప్పే కబురు రంగులో ఉంటుంది. లేత ఇటుక రంగు ఆరోగ్యం. పొడి మసి అయితే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ, ముందు ఎయిర్ ఫిల్టర్ చూడాలి. తెల్లగా కాలిపోయి ఉంటే పెట్రోల్ చాలడం లేదు లేదా పక్కగాలి. పెట్రోల్‌తో తడిసి ఉంటే స్పార్క్ లేదు లేదా ఓవర్‌ఫ్లో. నల్లగా, నూనె పూసినట్టు మెరుస్తుంటే ఆయిల్ మండుతోంది, దాని సంగతి కింద చూద్దాం.

తీసిన ప్లగ్‌ను దాని వైరు కొసనుండే క్యాప్‌లో పెట్టి, దాని మరల భాగాన్ని ఇంజిన్ లోహానికి ఆనించి కిక్కు కొట్టాలి. టప్‌మని నీలం స్పార్క్ రావాలి. ఎర్రగా, సన్నగా వస్తే చాలదు. ప్లగ్ రంధ్రానికి దూరంగా పట్టుకోండి, అందులోంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంది, అంటుకునే ప్రమాదముంది. స్పార్క్ లేకపోతే వెంటనే సీడీఐ (స్పార్క్‌ను నియంత్రించే ఎలక్ట్రానిక్ డబ్బా) మీద పడకండి. కొత్త ప్లగ్, తర్వాత క్యాప్, తర్వాత కిల్ స్విచ్చు, సైడ్ స్టాండ్ స్విచ్చు, ఆ తర్వాతే కాయిల్. వాన పడినప్పుడు మాత్రమే వచ్చే జబ్బు చాలావరకు క్యాప్ దగ్గరే ఉంటుంది. క్యాప్ మరతో బిగిసే రకమైతే విప్పి, వైరు కొస పావు అంగుళం కత్తిరించి మళ్లీ బిగిస్తే ఎన్నోసార్లు తీరిపోతుంది.

మళ్లీ ప్లగ్ బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పండి. హెడ్ అల్యూమినియంది, ప్లగ్ వంకరగా ఎక్కితే మరలు పోతాయి. చేత్తో ఆనాక కొత్త ప్లగ్ అయితే పానాతో అర చుట్టు, పాతదైతే అందులో సగం కూడా వద్దు.

వరద నీళ్లలో మునిగిన బండికి మాత్రం వేరే నియమం: సెల్ఫ్ నొక్కొద్దు. సిలిండర్లో నీరుంటే అది నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్ తీసి, కిక్కుతో నీళ్లు కక్కించి, ఆయిల్ పాలలా ఉంటే మార్చి, కొంచెం నడిపి మళ్లీ మార్చాలి.

వేడెక్కాక ఆగిపోయే బండి

తప్పుడు రిపేర్లకు పుట్టిల్లు ఇది. ఇంటి దగ్గర ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది. సిల్క్ బోర్డు దాకా వచ్చి, ఇరవై నిమిషాలు నత్తనడక నడిచాక ఆగిపోతుంది. అరగంట ఆగితే మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. గ్యారేజీకి తీసుకెళ్లేసరికి చల్లారి బుద్ధిగా నడుస్తుంది కాబట్టి మెకానిక్ ఊహ మీద పని చేస్తాడు.

దీనికి కారణాలు ముఖ్యంగా మూడు. ఆగిన చోటే, ఆగిన నిమిషంలోనే విడదీయాలి. సీటు కింద ఒక ప్లగ్ పానా, ఒక కొత్త ప్లగ్ పెట్టుకుని తిరగండి.

ఆగగానే ముందు పెట్రోల్ ట్యాంకు మూత తెరవండి. ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుని, తర్వాత నాలుగు కిక్కులకు బండి లేస్తే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. పెట్రోల్ దిగే కొద్దీ పైనుంచి గాలి రాక ధార ఆగిపోతోంది. మూత కడిగితే సరి, ఖర్చు సున్నా.

అది కాకపోతే ప్లగ్ తీసి స్పార్క్ చూడండి. వేడిలో స్పార్క్ లేక, చల్లారాక ఉంటే ఇగ్నిషన్ కాయిలో, పల్సర్ కాయిలో (స్పార్క్ ఎప్పుడు రావాలో సంకేతమిచ్చేది) పోయింది. లోపలి సన్న తీగ వేడికి వ్యాకోచించి తెగుతుంది, చల్లారి కలుస్తుంది. మల్టీమీటర్‌తో వేడిలో ఒకసారి, చల్లారాక ఒకసారి కొలిస్తే తేడా తెలుస్తుంది.

స్పార్క్ బాగుంది, పెట్రోల్ ఉంది, కానీ కిక్కు గాల్లో తొక్కినట్టు తేలిగ్గా పోతోంది. ఇది టాపెట్ బిగుతు. ఎగ్జాస్ట్ వాల్వ్ కూర్చునే చోటు అరిగే కొద్దీ వాల్వ్ పైకి జరుగుతుంది, టాపెట్ సందు తగ్గిపోతుంది. ఇంజిన్ వేడెక్కి వాల్వ్ సాగితే ఆ సందు పూర్తిగా పోయి, వాల్వ్ మూసుకోదు, కంప్రెషన్ నిలవదు. చాలామంది గ్రహించని విషయం, శబ్దం చేసే టాపెట్ కంటే శబ్దం చేయని టాపెట్టే ప్రమాదం. టిక్‌టిక్‌మనే ఇంజిన్‌ను చూసి "టాపెట్ టైట్ చేయండి" అని అడిగి మరీ వాల్వులు కాల్చుకుంటారు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఫ్లైవీల్ మీది టీ గుర్తు కలిపి, పిస్టన్ కంప్రెషన్ స్ట్రోక్‌లో పైనున్నప్పుడు ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్న రేకులతో) చూడాలి. ఈ స్కూటర్లలో సందు దాదాపు 0.1 నుంచి 0.15 మి.మీ. మధ్య ఉంటుంది, కచ్చితమైన అంకె మోడల్‌ను బట్టి పెట్టాలి. గేజ్ లేకుండా వేలితో కదిపి "సరిపోయింది" అనే మెకానిక్ చేత ఈ పని చేయించొద్దు.

పొగ, ఆయిల్, కంప్రెషన్

డిసెంబరు చలిలో పొద్దున్నే సైలెన్సర్ నుంచి తెల్లగా వచ్చి రెండు మూడు నిమిషాల్లో ఆగిపోయేది నీటి ఆవిరి, దానికి భయపడక్కర్లేదు. నల్లదైతే పెట్రోల్ ఎక్కువ. నీలి పొగే ఇంజిన్ లోపలి జబ్బు. అది ఎప్పుడు వస్తోందో చూస్తే హెడ్ పనా, హాఫ్ ఇంజినా సగం తేలిపోతుంది.

రాత్రంతా ఆగి, పొద్దున స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో గుప్పుమని వచ్చి తగ్గిపోతే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయి. రాత్రి ఆయిల్ బొట్లు బొట్లుగా లోపలికి జారి పొద్దున మండుతోంది. దిగుడు రోడ్డు మీద యాక్సిలరేటర్ వదిలేసి వచ్చి, కింద మళ్లీ తిప్పగానే గుప్పుమన్నా అనుమానం సీళ్లు, వాల్వ్ గైడ్ల మీదే. వేడెక్కాక కూడా తిప్పినంతసేపూ, బరువు ఎక్కిన కొద్దీ ఎక్కువగా వస్తే రింగులు, బోరు.

అయితే ఈ తీర్పుకు ముందు డిప్‌స్టిక్ చూడండి. ఈ తరహా బండ్లకు ఆయిల్ మార్చినప్పుడు పట్టేది ముప్పావు లీటరు అటూఇటూ. లీటరు డబ్బా కొన్నాం కదా అని మొత్తం ఒంపేస్తే ఎక్కువైంది బ్రీదర్ గొట్టంలోంచి ఎయిర్ ఫిల్టర్ పెట్టెలోకి, అక్కణ్నుంచి ఇంజిన్‌లోకి వచ్చి నీలి పొగ పెడుతుంది. సర్వీసు అయిన మర్నాడే మొదలైన పొగ అయితే ముందు అనుమానించాల్సింది ఇదే. చాలా మోడళ్లలో డిప్‌స్టిక్‌ను మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. బండి సెంటర్ స్టాండ్ మీద ఉండాలి.

ఇప్పుడు కంప్రెషన్. ఇంజిన్ పది నిమిషాలు నడిపి వేడి చేసి, ప్లగ్ తీసి, గేజ్ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి పట్టుకుని, ముల్లు ఇక పెరగనంతవరకు ఆరేడు కిక్కులు కొట్టండి. యాక్సిలరేటర్ మూసి కొలిస్తే అంకె తక్కువ వస్తుంది. మంచి ఇంజిన్ను కూడా చెడ్డదని చూపించే కిటుకు ఇది, తెలిసి చేసినా తెలియక చేసినా. సాధారణంగా 120 పీఎస్‌ఐ పైన వస్తే బోరు జోలికి పోనక్కర్లేదు. 90 కిందైతే లోపల ఏదో ఉంది. మధ్యలో ఉంటే అప్పుడే తొందర లేదు. కొన్ని ఇంజిన్లలో కిక్కు తేలిక కావడానికి డీకంప్రెషన్ ఏర్పాటుంటుంది, వాటిలో అంకె కొంత తక్కువే చూపిస్తుంది. అందుకే అంకె కంటే దాని తర్వాత చేసే రెండో పరీక్షే ముఖ్యం.

సిరంజితో 5 మి.లీ. ఇంజిన్ ఆయిల్ ప్లగ్ రంధ్రంలోంచి వేసి, రెండు కిక్కులు కొట్టి, మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే, ఉదాహరణకు 80 నుంచి 115కి ఎక్కితే, రింగుల సందుల్ని ఆయిల్ తాత్కాలికంగా పూడ్చిందన్నమాట. జబ్బు రింగుల్లో, బోరులో. అంకె కదలకపోతే గాలి పోతున్నది వాల్వుల గుండానో, హెడ్ గ్యాస్కెట్ గుండానో. ముందు టాపెట్ సందు సరిచేసి మళ్లీ కొలవండి. అక్కడే తీరిపోతే హెడ్ కూడా విప్పక్కర్లేదు.

కంప్రెషన్ బాగుండి పొగ కొంచెమే వస్తుంటే ఏమీ చేయకపోవడం కూడా ఒక ఎంపికే. 500 కిలోమీటర్లకు ఎంత ఆయిల్ తగ్గిందో కొలిచి చూడండి. వెయ్యికి 100 మి.లీ. లోపైతే డబ్బా ఒకటి పక్కన పెట్టుకుని పోసుకుంటూ నడపడమే లాభం. 300 మి.లీ. దాటితే ఇక రిపేరు ఆలస్యం చేయకూడదు. ముప్పావు లీటరులో అంత పోయాక మిగిలింది క్యామ్‌ను, క్రాంక్‌ను కాపాడలేదు.

హెడ్ పనితో ఆగాలా, హాఫ్ ఇంజిన్ దాకా వెళ్లాలా

ఆయిల్ పరీక్షలో అంకె కదలలేదు, పొగ పొద్దున పూటే: హెడ్ పని చాలు. వాల్వులు కూర్చునే చోట రుద్దించి, సీళ్లు మార్చి, గ్యాస్కెట్ కొత్తది వేయాలి. బోరు ఎలాగూ కనిపిస్తుంది కాబట్టి లోపలి గోడ చూడండి. గోరు తట్టుకునే గీతలు లేకపోతే దాన్ని అలాగే వదిలేయండి. "విప్పాం కదా, రింగులు కూడా వేసేద్దాం" అనే మాటకు లొంగొద్దు. బాగా అమరిన పాత రింగులు, అమరని కొత్త రింగుల కంటే నయం.

అంకె పెరిగింది, పొగ ఎప్పుడూ ఉంది: హాఫ్ ఇంజినే. ఇందులో మళ్లీ మూడు రకాలు. రింగులు మాత్రం మార్చడం అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా మోసం. అరిగిన బోరు గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది. అందులో కొత్త రింగు వేస్తే రెండు నెలలు పొగ ఆగి, మళ్లీ మొదలవుతుంది. బోరు కొలిచి అరుగుదల లేదని తేలితేనే అది సరైన పని. రెండోది, బోరు లేత్ షాపులో కొట్టించి, అంటే లోపల కొంచెం పెద్దది చేయించి, ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించడం. చేయి తిరిగిన లేత్ షాపు, మంచి పిస్టన్ దొరికితే బాగుంటుంది. లోపల పూత ఉన్న బోర్లకు ఇది కుదరదు. మూడోది, బోరు, పిస్టన్, రింగులు కలిపి కిట్‌గా కొత్తది వేయడం. బండిని ఇంకో మూడేళ్లు నడపాలనుకుంటే మా ఓటు దీనికే. అయితే పేరున్న కంపెనీ కిట్ అయి ఉండాలి.

రింగు అరుగుదల కళ్లారా చూడొచ్చు. పాత రింగును బోరులోకి దించి, పిస్టన్‌తో తిన్నగా కిందికి తోసి, రెండు కొసల మధ్య సందులో ఫీలర్ గేజ్ పెట్టాలి. పాత 109 సీసీ యాక్టివా బోరు 50 మి.మీ. అలాంటి దాంట్లో కొత్త రింగుకు ఆ సందు 0.1, 0.3 మధ్య ఉంటుంది. అర మిల్లీమీటరు దాటితే అరిగినట్టే. మెకానిక్‌ను ఈ కొలత చూపించమని అడగడంలో తప్పు లేదు. పనివాడైతే సంతోషంగా చూపిస్తాడు.

బిగించేటప్పుడు దగ్గరుంటే నాలుగు చూడండి: పిస్టన్ మీది గుర్తు సరైన వైపుకుందా, రింగుల అక్షరాలు పైకున్నాయా, రింగుల సందులు ఒకదాని కింద ఒకటి రాకుండా మూడు దిక్కులకు తిప్పాడా, పిస్టన్ పిన్ను క్లిప్పులు కొత్తవా. పాత క్లిప్పు ఊడితే కొత్త బోరు ఒక్క రోజులో గీసుకుపోతుంది. టైమింగ్ చైన్ సాగి ఉంటే ఇప్పుడే మార్చాలి. పాత సామానంతా సంచిలో వేసి ఇమ్మని పని మొదలుపెట్టే ముందే చెప్పండి. మొదటి 500 కిలోమీటర్లు 40, 50 వేగం దాటకుండా, ఒకే వేగంలో ఎక్కువసేపు నడపకుండా తిప్పి, 300 దగ్గర ఆయిల్ మార్చేయండి. కొత్త రింగుల నుంచి రాలే లోహపు పొడి అందులోనే ఉంటుంది.

ఫుల్ ఇంజినా, ఇంకో ఇంజినా, వద్దా

యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు అడుగు నుంచి దడదడమని బరువైన దెబ్బ వినిపిస్తే అది టాపెట్ కాదు. నిర్ధారణ బోరు తీశాకే: కనెక్టింగ్ రాడ్‌ను పట్టుకుని నిట్టనిలువునా పైకీ కిందికీ లాగండి. ఆ దిశలో ఏమాత్రం ఆట ఉండకూడదు. పక్కలకు కొంచెం జరగడం మామూలే, దాన్ని చూపించి ఫుల్ ఇంజిన్ అంటే ఒప్పుకోవద్దు. హాఫ్ ఇంజిన్‌కు బండి అప్పగించేటప్పుడే "రాడ్‌లో ఆట ఉంటే పని ఆపి ఫోన్ చేయండి" అని చెప్పుకోవాలి. రాడ్ వదులుగా ఉండగా కొత్త బోరు ఎక్కిస్తే రెండు పనుల డబ్బూ పోయినట్టే.

పాత ఇంజిన్ కొని ఎక్కించడం పైకి ఫుల్ ఇంజిన్ కంటే చవకగా కనిపిస్తుంది. కానీ ఇంజిన్ నంబర్ ఆర్‌సీలో ఉంటుంది. ఆర్టీవో అనుమతి తీసుకుని ఆర్‌సీలో మార్పించకపోతే పేరు మార్పిడి దగ్గర, ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర, 15 ఏళ్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ దగ్గర దొరికిపోతారు. బిల్లు లేని ఇంజిన్ దొంగ బండిది కూడా కావచ్చు. అందుకే దాదాపు ఎప్పుడూ ఇది వద్దనే చెప్తాం.

ఫుల్ ఇంజిన్ వేయించాలా వద్దా అన్నది కాగితాల మీద కూడా ఆధారపడుతుంది. బెంగళూరులోని మన తెలుగువాళ్ల బండ్లలో చాలా వాటికి ఇంకా ఏపీ, టీఎస్ నంబర్లే ఉంటాయి. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలన్నది మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్. అంటే సొంత ఊరి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ, ఇక్కడ కర్ణాటక పన్ను. పద్నాలుగేళ్ల బండికి ఈ ఖర్చూ, పన్నెండు వేల ఇంజిన్ ఖర్చూ కలిపితే ఇంకో మంచి బండి వచ్చేస్తుంది. ఆర్‌సీ మీ పేరునే ఉండి, ఇంకా నాలుగైదేళ్ల గడువుండి, చాసిస్, ఫోర్క్ తుప్పు పట్టకుండా ఉంటే ఫుల్ ఇంజిన్ న్యాయమే. లేకపోతే లోపం దాచకుండా చెప్పి, వచ్చిన రేటుకు అమ్మేయండి.

ఇంకా కొనకముందే అయితే

ఇదంతా కొనే రోజు పావుగంటలో చేయొచ్చు. డిప్‌స్టిక్, నీలి పొగ, ట్యాంకు మూత, చేత్తో తిప్పిన వెనక చక్రం, ఎత్తు మీద శబ్దానికీ వేగానికీ పొత్తు. ఆర్‌సీలోని ఇంజిన్ నంబర్‌ను ఇంజిన్ మీది నంబర్‌తో పోల్చండి, చలాన్లు, ఫైనాన్స్ బాకీ ఆన్‌లైన్లో చూడండి. ప్లగ్ విప్పి చూస్తానంటే ఒప్పుకోని అమ్మకందారు దగ్గర హాఫ్ ఇంజిన్ ఖర్చు తగ్గించి బేరమాడండి. మెరుస్తున్న కొత్త ఆయిల్ కనిపిస్తే మురిసిపోకండి. పొగ తగ్గడానికి చిక్కటి ఆయిల్ పోసి చూపించడం పాత అలవాటే.

వెళ్లే ముందు ఫోన్లో ఒక్క మాట చెప్పండి: బండి చల్లగా ఉన్నప్పుడు మేమే స్టార్ట్ చేస్తాం, ముందే స్టార్ట్ చేసి పెట్టొద్దు అని. చేరగానే ఇంజిన్ పక్కన, సైలెన్సర్ దగ్గర అరచేయి తాకకుండా పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఆ రోజు పరీక్షలేవీ చేయకుండా, రేపు పొద్దున్నే వస్తామని చెప్పి వచ్చేయండి.